తప్పు కనిపించే తుపాకి

ఎంత దూరం కొడుతుందని అందరూ అడుగుతారు.
దూరానిదేముంది,
వ్యోమింగ్‌లో దూరం ఊరికే దొరుకుతుంది,
కంచె దాటితే చాలు.

వెర్నా టోర్గెసన్ ఆ ప్రశ్న అడగలేదు.
అన్న హాల్వర్ పోయాక తన వాటాకి వచ్చిన త్రీ నాట్ ఎయిట్‌ని
నా బల్ల మీద పడుకోబెట్టి,
"దీంతో పోటీకి వెళ్ళొచ్చా?" అంది.
అరవై ఒక్కేళ్ళు. చలికాలమంతా
రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతుంది.
కుడి భుజంలో రెండు స్టీలు మరలు.

వెళ్ళొచ్చు, అన్నాను.
టాక్టికల్ విభాగంలో దానికీ
దాని చెల్లెలు టూ ట్వెంటీ త్రీకీ తప్ప
వేరెవరికీ ప్రవేశం లేదు.
త్రీ నాట్ ఎయిట్ పెద్దమనిషి,
ఐదు వేల తూటాలు పోయినా మొహం మాడ్చుకోదు.
కాకపోతే చెప్పిన ప్రతి మాటకీ
భుజం చరుస్తుంది.

ఓపెన్ విభాగం కుర్రాళ్ళు సిక్స్ ఎం.ఎం. అంటారు.
మెత్తటి తోపు, గాలికి తొందరగా లొంగదు.
కానీ రెండు వేలు దాటకుండానే బ్యారెల్ గొంతు కాలిపోతుంది,
ఎప్పుడూ గెలవాలనుకునేవాళ్ళ గొంతులాగే.
సిక్స్ పాయింట్ ఫైవ్ ఇద్దరి మధ్యా కూర్చుని
పంచాయితీ చేస్తుంది.
ఇటు సగం, అటు సగం.

వెర్నా అన్నీ విని
తూటా ఒక్కోటి ఎంత పడుతుందని అడిగింది.
కాగితం వెనక లెక్క వేసుకుంది.
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
"పద, కాల్చి చూద్దాం" అంది.

సున్నపురాతి గుట్ట కింద, ఆరు వందల గజాల అవతల
తెల్ల రంగు వేసిన ఇనుప పలక.
స్కోపులో దాని ముందు ఎండమావి పారుతోంది.
లోకమంతా మోసగత్తె అంటుంది దాన్ని.
ఇక్కడ మాత్రం నిజం చెప్పేది అదొక్కటే:
గాలి ఎటు పోతోందో, ఎంత విసురో.

హాల్వర్ తుపాకి పేలింది.
గొట్టం ఎగిరి, స్కోపు నిండా ఆకాశం.
"ఎటు పోయింది?"
"కుడికి. చేతిపనే, గాలి కాదు" అన్నాను పక్కన బైనాక్యులర్‌తో.
రెండోది. "ఎటు?"
"కుడికే."
నాలుగోసారి అడగడం మానేసి
చేత్తో భుజం పట్టుకు కూర్చుంది.

అరువు టూ ట్వెంటీ త్రీ చేతికిచ్చాను.
ఒక్క తూటా.
అదీ తగల్లేదు.
కానీ ఈసారి చెంప చెక్క మీంచి లేవలేదు.
పలకకి జానెడు కుడిగా దుమ్ము లేచింది,
అది వెర్నాయే చూసింది, నేను చెప్పకముందే.
"అదిగో" అంది,
తప్పిపోయిన గొర్రెపిల్ల దొరికినట్టు,
"అదిగో, నా తప్పు."

కొంచెం ఎడమకి జరిపి కాల్చింది.
పలక ముందు ఊగింది,
మోత నింపాదిగా తరవాత వచ్చింది.

తిరిగొస్తూ ట్రక్కులో చాలాసేపు మాట్లాడలేదు.
గ్యాసు బంకు దాటాక అంది:
"హాల్వర్ నలభై ఏళ్ళు కాల్చాడు.
తగలకపోతే గాలిని తిట్టేవాడు,
ఆడలేక మద్దెల ఓడన్నట్టు.
చివరి తొమ్మిదేళ్ళు మేం మాట్లాడుకోలేదు."
కిటికీ అద్దం కాస్త దించింది.
"ఎటు పడిందో
వాడికి కనిపించి ఉండదు."

జవాబు నా దగ్గర లేదు.
గేరు మార్చాను.

టూ ట్వెంటీ త్రీకే బిల్లు రాశాను.
అన్నదాని బోల్టు విడిగా తీసి
ఫ్లానెల్ గుడ్డలో చుట్టుకుని జేబులో వేసుకుంది.
"ఈ బ్యారెల్ ఎన్నాళ్ళు?"
ఐదు వేలు దాకా గ్యారంటీగా చెప్పగలను.
మళ్ళీ పెన్సిలు. ఎండాకాలం శనివారాలు,
వారానికి యాభై.
"ఆరేళ్ళు. అప్పటికి నాకు అరవై ఏడు."
డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి
గుమ్మం దగ్గర ఆగింది:
"ఇంకో బ్యారెల్‌కి వస్తాను.
ధర మాత్రం పెంచకు."